ఇప్పుడున్నది పాడైందా?

కంప్యూటర్లో ప్రాసెసర్ మార్చాలనుకుంటున్నానని ఇంట్లో చెప్తే అమ్మ వెంటనే అడిగింది, "ఇప్పుడున్నది పాడైందా?" అని.

పాడవలేదు. 2019లో వచ్చిన రైజెన్ 5 3600 అది. ఆరు కోర్లు. ఆఫీసు పని చేస్తుంది, సినిమాలు చూపిస్తుంది, హైదరాబాదు ఎండల్లో కూడా ఒక్కరోజు మొరాయించలేదు. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మాత్రం, అదీ విమానం దించేటప్పుడు, తడబడుతుంది. "ఆటలో విమానం సరిగ్గా దించకపోతే ఏమవుతుందిరా?" అని అమ్మ ఆ తర్వాత అడగనే లేదు. అడిగితే ఏం చెప్పాలా అని రెండు నెలలుగా నేనే ఆలోచిస్తున్నాను.

మా ఇళ్లల్లో వస్తువు మార్చడానికి ఒక నీతి ఉంటుంది. కుక్కర్‌కి గాస్కెట్ వేయిస్తాం, ఫ్యాన్‌కి వైండింగ్ చేయిస్తాం, ఇంక కుదరదని మెకానిక్ చేతులెత్తేశాకే కొత్తది. పొదుపు ఒక్కటే కాదు, వస్తువు పట్ల ఒక మర్యాద కూడా ఉంది అందులో. చిప్పు దగ్గరకి వచ్చేసరికి ఈ నీతికి పట్టు దొరకదు. కొన్న రోజు ఎంత వేగంగా కూడికలు చేసిందో ఇవాళా అంతే వేగంగా చేస్తోంది. దానికేం కాలేదు. మనం అడిగే లెక్కలు పెరిగాయి, అంతే. వస్తువుని ఎవరూ ముట్టుకోకుండానే, ఎక్కడో ఇంకొకటి తయారయినందువల్ల అది 'పాతది' అయిపోవడం అమ్మ తరానికి తెలియని రకం పాడవడం.

ముందు తడబాటు సంగతి చెప్పాలి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 ఆగస్టులో వచ్చింది. భూగోళం మొత్తాన్ని ఉపగ్రహ చిత్రాల మీద కట్టి, మనం ఎగిరేచోటి ముక్కని ఇంటర్నెట్ నుంచి పంపిస్తుంది. అందులో డెవలపర్ మోడ్ పెడితే మూలన ఒక లెక్క కనపడుతుంది: సెకనుకి ఎన్ని ఫ్రేములు, దేనివల్ల ఆగుతోంది అని. నాకు ఎప్పుడూ 'మెయిన్ థ్రెడ్' అనే చూపిస్తుంది. అంటే గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఎదురుచూస్తోంది, ప్రాసెసర్‌లో ఒక్క కోరు నెత్తిన మాత్రం పనంతా ఉంది. నమ్మకపోతే రిజల్యూషన్ తగ్గించి చూడొచ్చు. బొమ్మ మసకబారినా ఫ్రేములు పెరగలేదంటే తప్పు కార్డుది కాదు. నావి పెరగలేదు.

ఆరు కోర్లుంటే ఒక్కదాని మీదే భారమెందుకు? 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన విషయమే ఇది. పనిలో వరసగా చేసి తీరాల్సిన భాగం ఎంతుంటే, మిగతాదానికి ఎంతమంది కూలీల్ని పెట్టినా, ఆ భాగం దగ్గర అందరూ ఆగాల్సిందే. పెళ్లి వంటలో కూరలు తరగడానికి ఇరవైమందిని పెట్టొచ్చు, సాంబారు మరగడానికి పట్టే టైము పడుతుంది. ఈ ఆటల చరిత్రలో ఆ పాఠానికి వెల కట్టిన ఏడాది కూడా ఉంది. 2006లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ వచ్చేనాటికి ప్రాసెసర్ల గడియారాలు ఏటేటా పరిగెత్తడం ఆగిపోయింది, వేగం బదులు కోర్లు పెరగడం మొదలైంది. అప్పటి మంచి మంచి కంప్యూటర్ల మీద కూడా ఆ ఆట కొన్నేళ్లపాటు కుంటుతూనే నడిచింది.

ఇప్పుడు నేను చూస్తున్న చిప్పు రైజెన్ 7 5700ఎక్స్3డి. దాని గొప్పతనం వేగంలో లేదు, నెత్తిన మేడలా కట్టిన మెమరీలో ఉంది. మొత్తం 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్. నా దాంట్లో 32, అదీ రెండు పదహార్లుగా చీలి ఉంటుంది. కావాల్సిన సరుకు చేతికందే అరలోనే ఉంటే మాటిమాటికీ బజారుకి పరిగెత్తక్కర్లేదు కదా. ఫ్లైట్ సిమ్యులేటర్లకి ఇది బాగా కలిసొస్తుంది. సికింద్రాబాద్ సీటీసీలో అడిగితే ఇరవై వేలకి కాస్త అటూ ఇటూ చెప్పారు.

ఇంతవరకూ ఇంజనీరింగ్. ఇక్కణ్ణుంచే నాకు కష్టం.

సెకనుకి సగటున 38 ఫ్రేములు వస్తున్నాయి నాకు. ఎవరికైనా చాలు. దక్కన్ మీద ముప్పైవేల అడుగుల ఎత్తున అన్నీ ఒకేలా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువే. నగరం మీదకి దిగుతూ, రన్‌వే చివర ఐదొందల అడుగుల్లో ఉన్నప్పుడు, కింద ఇళ్లన్నీ ఒక్కసారిగా లెక్కలోకి వస్తాయి. బొమ్మ రెండుసార్లు గుక్క తిప్పుకుంటుంది. సరిగ్గా ముక్కు ఎత్తాల్సిన క్షణం అది. సగటు అబద్ధం చెప్పదు గానీ, మనకి అక్కర్లేని నిజం చెప్తుంది. ఏడాదంతా మంచిగా ఉండి పరీక్ష రోజు జ్వరం తెచ్చుకునేవాడి సగటు ఆరోగ్యం ఎంతో బాగుంటుంది.

అయితే నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ లెక్క మూలన కనపడకముందు నాకింత బాధ లేదు. కొలత వచ్చాక లోటు వచ్చింది. ఎపిక్యూరస్ కోరికల్ని మూడు రకాలుగా విడదీశాడు: సహజమై అవసరమైనవి, సహజమే గానీ అవసరం లేనివి, రెండూ కానివి. నా కోరిక మూడోదానిలో కూర్చుంటుందని ఎవరైనా అనొచ్చు. నేను అంత తొందరగా ఒప్పుకోను. ఏడో తరగతిలో కళ్లజోడు పెట్టుకునేదాకా దూరపు చెట్టుకి ఆకులు విడివిడిగా ఉంటాయని నాకు తెలీదు. కొలిచాకే తెలిసిన లోటు అది. అయినా నిజమైన లోటే. కాబట్టి 'ఇంతకుముందు తెలీదుగా, ఇప్పుడెందుకు' అన్న వాదన నిలవదు.

నిలిచే ప్రశ్న వేరే ఉందనుకుంటాను: ఈ కోరికకి ఆగే చోటు ఉందా? దిదెరో 1769లో తన పాత డ్రెస్సింగ్ గౌను గురించి ఒక వ్యాసం రాశాడు. కొత్త గౌను వచ్చాక గదిలోని మిగతా సామానంతా వెలవెలబోయి ఒక్కొక్కటే మారాల్సొచ్చిందని వాపోయాడు. కంప్యూటర్లో ఆ గౌనుకి పేరుంది, కొత్త సాకెట్టు. ఏఎం5కి వెళ్తే మదర్‌బోర్డు మారాలి, ర్యామ్ మారాలి, ఇవన్నీ మారాక నా కార్డు చిన్నబోతుంది. 5700ఎక్స్3డి నా పాత బోర్డులోనే, అదే ఏఎం4 సాకెట్లో కూర్చుంటుంది. ఆ సాకెట్టు కథ దాదాపు అక్కడితో అయిపోయింది కూడా. ముందుకి దారిలేని సందు అని అందరూ దీన్ని లోపంగా చెప్తారు. నాకు ఆ గోడే నచ్చింది. తెలుగులో 'చాలు' అంటే సరిపోవడమూ, నాగలి గీసిన గీతా. రెంటికీ చుట్టరికం ఉండక్కర్లేదు, కానీ పొలం గట్టు వచ్చాక నాగలి ఆగుతుంది.

ఇంకో వాదన ఉంది, దాన్ని దాటి రాలేకపోతున్నాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నెల జీతం ఈ చిప్పు ధర కంటే తక్కువ. విలాసానికి పెట్టే డబ్బు ప్రాణం నిలిపే చోట పెట్టొచ్చు కదా అని పీటర్ సింగర్ 1972లో అడిగాడు. 'అలాగైతే నువ్వు నిన్న తాగిన కాఫీ సంగతేంటి' అని తప్పించుకోవడం మనకందరికీ అలవాటే. అది జవాబు కాదు, కాఫీని కూడా బోనెక్కించడం. నా దగ్గర జవాబు లేదు. ఏటా కొంత ఇస్తాను. అది చాలదని కూడా తెలుసు.

మరి ఆట దేనికి? షికాగోలో మీగ్స్ ఫీల్డ్ అని చెరువంత సరస్సు కాదు, సముద్రమంత సరస్సు పక్కన చిన్న విమానాశ్రయం ఉండేది. చాలా ఏళ్లు ఈ ఆట అక్కణ్ణుంచే మొదలయ్యేది. 2003 మార్చిలో ఒక రాత్రి మేయర్ బుల్డోజర్లు పంపి రన్‌వే మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు తవ్వించాడు. అయినా ఆటల్లో అక్కడ దిగినవాళ్లు దిగుతూనే ఉన్నారు. నాకు అలాంటిది బేగంపేట. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్ వెళ్లిపోయేదాకా సికింద్రాబాద్‌లో మా పాత డాబా మీదుగానే దిగేవి. చక్రాలు లెక్కపెట్టేంత దగ్గరగా. ఇప్పుడు రాత్రిళ్లు ఒక ఏ320ని తూర్పు నుంచి తెచ్చి అక్కడ దించుతుంటాను. కింద మా వీధి ఉండాల్సినచోట ఆట తనకి తోచిన డబ్బాలు పెట్టింది. నాన్న ఒకరోజు పక్కన కూర్చుని చూసి, "మన డాబా ఏదిరా?" అన్నాడు. తొంభై ఆరు మెగాబైట్లు కాదు కదా, ఎన్ని పెట్టినా అది రాదు. ఆయన మాత్రం రన్‌వే తాకేదాకా లేవలేదు. తడబడినప్పుడు కళ్లు మూసుకున్నాడు, తల తిరుగుతోందని.

కొందామనే నిర్ణయించుకున్నాను. ముందుగా టెర్రయిన్ వివరాలు 200 నుంచి 100కి తగ్గించి, ట్రాఫిక్ ఆపేసి ఒక నెల ఎగిరాను. చాలావరకూ మెరుగైంది, చివరి ఐదొందల అడుగులు తప్ప. ఆ ఐదొందల అడుగులకే ఇరవై వేలు. కొత్త చిప్పు వచ్చాక ఆ వివరాలు మళ్లీ 200కి పెంచనని ఒక కాగితం మీద రాసి మానిటర్ వెనక అంటించాను. పాత 3600 విజయవాడలో పిన్నికొడుక్కి పంపాలి. వాడి దగ్గర దానికంటే పాత బోర్డుంది, బయోస్ అప్‌డేట్ చేస్తే పట్టొచ్చు. ఫోన్లో అడిగితే, "నాది పాడవలేదుగా అన్నా, ఎందుకు?" అన్నాడు.