అల్లుడా, కట్టె పక్కన పెట్టు

అల్లుడా,

జగిత్యాల నుంచి మొగ కుక్కపిల్లను తెచ్చుకున్నవట. ఇల్లంతా ఉచ్చలే అని, తిరిగిచ్చేద్దామంటున్నవని మీ అవ్వ ఫోన్ల చెప్పింది. రెండు నెలల పిల్లకు ఆపుకునుడు ఇంకా రాదురా. నెలకో గంట చొప్పున లెక్కేసుకో; మీ దానికి రెండు గంటలు దాటితే కష్టమే. ఎగిరి ఆడిందంటే అంతసేపు గూడ ఆగదు.

నిద్ర లేవంగనే, బువ్వ తిన్న కొద్దిసేపటికి, ఆట ఆపంగనే, రాత్రి పండుకునే ముందు బయటికి తీస్కపో. నడుమల గూడ ముక్కు నేలకు ఆనిచ్చి గుండ్రంగ తిరుగుతున్నదంటే చెప్పులు ఎతుక్కోకు, ఎత్తుకొని ఉరుకు. రోజూ ఒక్క జాగకే పో, పాత వాసన తగిలితే దానికి పని యాదికొస్తది. పోసినంక అక్కడనే మెచ్చుకొని ఓ ముక్క పెట్టు. ఇంట్లకొచ్చినంక పెడితే, లోపటికొచ్చినందుకే పెట్టిండనుకుంటది.

మీ ఇంట్ల ఇంకో కిరికిరి గూడ ఉన్నది. సిరిసిల్లల చానా మంది లెక్కనే మీకు గూడ ఇంట్లనే బట్ట నేసే సాంచెలాయె. అవి నడుస్తుంటే ఆ చప్పుడుకు చిన్నపిల్ల జడుసుకుంటది. వాకిట్ల నిలబడి వణికి, పోయకుండనే మర్లొచ్చి బీము కింద పోస్తది. మనమేమో మొండిది అనుకుంటం. ఇంటెనక చప్పుడు తక్కువున్న మూల సూడు. సాంచెల దిక్కు పోకుండ అడ్డం ఓ చెక్క పెట్టు. ఉచ్చల తడిస్తే నూలే ఖరాబైతది; తెగిన పోగులు మింగితే పేగులకు సుట్టుకొని దాని పాణం మీదికొస్తది.

లోపట పోస్తే కట్టె తియ్యకు. మూతిని ఉచ్చల రుద్దే అలవాటు మనోళ్లకున్నది, అది ఉత్త పాపం. కొడితే నీ ముందర పోసుడు మానేసి మంచం కిందికి పోయి పోస్తది. పోస్తుండంగ చూస్తే మెల్లగ ఎత్తుకొని బయటికి తీస్కపో. ఆరినంక చూస్తే నోరు మూసుకొని తుడువు. సబ్బునీళ్లతోని కడిగి, నీళ్లల్ల కొంచెం వెనిగర్ కలిపి మల్ల తుడిస్తే వాసన తగ్గుతది. ఫినాయిల్ తడి ఆరకముందే దాన్ని అటు రానియ్యకు, కాళ్లు నాకుతది.

టీకాలు పూర్తయ్యేదాక గల్లీల తిప్పకు, ఊరకుక్కల మలంతోని పార్వో రోగం అంటుకుంటది. ఇంటి ఆవరణ చాలు.

ఇగ మొగదానితోని అసలు పని ముందరున్నది. ఆరు నెలల నుంచి ఏడాది లోపల కాలెత్తుడు మొదలుపెడతది. గోడకు, బండి టైరుకు, తలుపుకు నాలుగు చుక్కలు పోసి ఇది నాదే అని చెప్పుకుంటది. నేర్పింది మర్చిపోయిందని అప్పుడు తిట్టకు. పోసిన జాగ కడుగు, మల్ల మొదటి లెక్కనే బయటికి తిప్పు. ఆపరేషన్ చేపిస్తే చానా వాటికి తగ్గుతది గని అన్నిటికీ పూర్తిగ పోదు. ఎప్పుడు చేపియ్యాల్నో పశువుల డాక్టర్‌నే అడుగు. మా కోరుట్లల పశువైద్య కళాశాలనే ఉన్నది, అడిగేటందుకు నువ్వు హైదరాబాద్ దాక పోవుడెందుకు?

ఒక్కటి మాత్రం యాదికి పెట్టుకో. మంచిగ నేర్చుకున్న పిల్ల ఉన్నట్టుండి మాటిమాటికి చుక్కలు చుక్కలుగ పోసినా, ఉచ్చల రక్తం కనబడినా అది రోగం. ఎంత ముక్కినా చుక్క గూడ రాకుంటే ఇంకా కష్టం; సాంచెలు బందు పెట్టయినా సరే, అప్పటికప్పుడే డాక్టర్ దగ్గరికి తీస్కపో.