అతిథి చూపే అక్షత

ఉత్తరాంధ్ర మధ్యతరగతి ఇళ్ళలో ఈమధ్య ఒక పద్ధతి స్థిరపడింది. పెళ్ళి సింహాచలం కొండ మీదో, సొంతూళ్ళోనో ముహూర్తానికి జరిగిపోతుంది. రిసెప్షన్ మాత్రం మర్నాటి సాయంత్రం విశాఖ రుషికొండలో, బీచ్ రోడ్డు పక్కన ఏ రిసార్టులోనో పెడుతున్నారు. చోడవరం, ఎస్.కోట, చీపురుపల్లి వైపు నుంచి చుట్టాలు బస్సు మాట్లాడుకుని దిగుతారు. ఉక్కునగరం నుంచి వరుడి తండ్రితో పనిచేసినవాళ్ళు వస్తారు. గీతం యూనివర్సిటీలో కలిసి చదువుకున్న పిల్లలు వస్తారు. వీళ్ళంతా వచ్చేసరికి జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది, అరుంధతీ దర్శనం అన్నీ అయిపోయి ఉంటాయి. వేదిక మీద రెండు కుర్చీలు, వెనక పూల తెర. పురోహితుడు ఉండడు, మంత్రం ఉండదు.

మరి ఆ రాత్రి మనం అక్కడికి ఎందుకు వెళ్తున్నట్టు? కవరు ఇచ్చి, ఫొటో దిగి, భోంచేసి రావడానికేనా? చాలామంది రిసెప్షన్‌ను మొహమాటానికి హాజరయ్యే కార్యంగా చూస్తారు. నేనలా అనుకోను. మంత్రం చదివేవారు లేని చోట దీవెన బరువంతా అతిథి మీదే పడుతుంది.

ఋగ్వేదం పదో మండలంలో 85వది వివాహ సూక్తం. సూర్యుడి కూతురు సూర్య పెళ్ళిని చెబుతూ సాగుతుంది. మన పెళ్ళిళ్ళలో వినిపించే మంత్రాలు కొన్ని అక్కడివే. అందులో 33వ మంత్రం పెళ్ళికి వచ్చినవాళ్ళను పిలిచి మాట్లాడుతుంది. వాళ్ళకు అది అప్పగించే పనులు మూడు: వధువును చూడటం, ఆమెకు సౌభాగ్యం ఇవ్వడం, ఆపైన ఇళ్ళకు బయల్దేరడం. సౌభాగ్యం దేవుడిచ్చేది అనుకుంటాం మనం. ఆ మంత్రం దాన్ని అతిథుల చేతిలో పెట్టింది. ఎంత నమ్మకం ఉంటే ఒక మంత్రం ఊళ్ళోవాళ్ళ మీద అంత భారం వేస్తుంది!

మొదటి పని చూడటం. తేలికైనదే అనిపిస్తుంది. కానీ వేదిక ముందు వరసలో నిలబడ్డప్పుడు మన చూపు ఎక్కడుంటుంది? పూలకు ఎంత ఖర్చయి ఉంటుందో, చీర కంచిదో ధర్మవరానిదో, పెద్దమావయ్యగారి వాళ్ళు వచ్చారో లేదో, వీటి మీద. వేదిక ఎక్కాక కెమెరా మీద. ఆ ఇద్దరి మొహాల మీద నిలిచేది ఎంతసేపు?

కన్యాదానం వేళ వరుణ్ణి సాక్షాత్తు లక్ష్మీనారాయణ స్వరూపుడిగా భావించి పెళ్ళికూతురి తండ్రి అతని కాళ్ళు కడుగుతాడు. ఆయన ఏ భావంతో చూశాడో, మర్నాడు సాయంత్రం మనమూ ఆ భావంతో చూడాలి కదా. ఇది విశాఖవాళ్ళకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. సింహాద్రి అప్పన్న ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ ఒక్కనాడే నిజరూప దర్శనం. దానికోసం జనం గంటల తరబడి క్యూలో నిలబడతారు. స్వామి ఎదుట ఉండేది కొన్ని క్షణాలు. ఆ క్షణాల్లో ఎవరూ పక్కచూపులు చూడరు. వధూవరుల దగ్గర మనకు దొరికేవీ అన్ని క్షణాలే.

చూపు దీవెన అయినట్టే చిచ్చూ అవుతుంది. సభాపర్వంలో ధర్మరాజు రాజసూయం చేసినప్పుడు వచ్చిన చుట్టాలు తలా ఒక పని పంచుకున్నారు. రాజులు తెచ్చిన కానుకలు అందుకునే పని దుర్యోధనుడిది. వచ్చిన బ్రాహ్మణుల కాళ్ళు కడిగే పని కృష్ణుడు తనంత తాను తీసుకున్నాడు. ఇద్దరూ ఆ ఇంటికి కావలసినవాళ్ళే, ఒకే విందుకు వచ్చినవాళ్ళే. కానుకల రాశులు చూసి, మయసభ చూసి దుర్యోధనుడు ఇంటికి తీసుకెళ్ళింది కడుపుమంట. మయసభలో తనను చూసి నవ్వారన్న అవమానమూ ఉంది, నిజమే. అయినా తర్వాత తండ్రి దగ్గర అతను గుక్కతిప్పుకోకుండా ఏకరువు పెట్టింది ఎవరెవరు ఏమేం తెచ్చి ఇచ్చారన్న జాబితానే. జూదం ఆలోచన ఆ మంటలోంచే లేచింది. కురుక్షేత్రం పుట్టిన చోటును వ్యాసుడు ఒక అతిథి కళ్ళలో చూపించాడని నాకు అనిపిస్తుంది.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే పెళ్ళికూతురి బుగ్గన చుక్క పెడతారు, జంట గడప తొక్కేముందు ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తారు. మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులువు. నాకు మాత్రం ఆ చుక్క వచ్చినవాళ్ళను ఒక ప్రశ్న అడుగుతున్నట్టు ఉంటుంది: నీ కంటి వల్ల ఈ పిల్లకు మేలా, కీడా? మా అమ్మాయి పెళ్ళి ఇంత బాగా చేయలేకపోయామే అని ఆ హాల్లో ఒక మూల నొచ్చుకునే తల్లి ఉంటుంది. ఆమెను తప్పుపట్టలేం, ఆ నొప్పి నిజమైనది. ఆ నొప్పితోనే ఒక్క నిమిషం ఆగి, ఇష్టదైవాన్ని తలుచుకుని, వీళ్ళూ నా పిల్లలే అనుకుని వేదిక ఎక్కగలిగితే అది జపానికి ఏమాత్రం తీసిపోని సాధన. సుఖంగా ఉన్నవాళ్ళ పట్ల చెలిమితో ఉండటాన్ని పతంజలి మైత్రి అన్నాడు. మనసు తేటపడటానికి ఆయన చెప్పిన నాలుగు భావనల్లో అదొకటి. సాగరతీరంలో ధ్యానానికి కూర్చునేవాళ్ళు చాలామందే ఉన్నారు. మైత్రిని అభ్యసించడానికి పెళ్ళి విందును మించిన చోటు నాకు తెలియదు.

రెండో పని సౌభాగ్యం ఇవ్వడం. అది చేసిన ఒక ముసలమ్మను రుషికొండలోనే ఒక రిసెప్షన్‌లో చూశాను. ముతక నేతచీర. చేతిలో కవరు లేదు, కొంగున ముడివేసుకు తెచ్చిన పసుపు బియ్యం ఉన్నాయి. పెళ్ళికూతురి నాయనమ్మ వాళ్ళ ఊరట. ఫొటోలు తీసే కుర్రాడు "మామ్మా, ఇటు చూడు, ఇటు" అంటున్నా ఆమె తిరగలేదు. పిల్ల గడ్డం పట్టుకుని మొహంలోకి తేరిపార చూసి, "సల్లగుండు తల్లీ, అప్పన్న బాబే సూసుకుంతాడు" అని అక్షతలు వేసింది. అబ్బాయి తల మీదా వేసి, మెల్లగా మెట్లు దిగింది. వెనక వరస ఆగిపోయింది, ఎవరూ విసుక్కోలేదు. ఆ వేదం అడిగిన పనిని ఆ రాత్రి పూర్తిగా చేసింది ఆవిడే.

భోజనాల దగ్గర అతిథికి ఇంకో పరీక్ష. అన్నాన్ని నిందించకూడదని, వద్దని తోసేయకూడదని తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి వ్రతాలుగా విధించింది. బఫేలో పళ్ళెం నింపుకుని సగం వదిలేయడం, కారెక్కగానే పులిహోరలో ఉప్పు తగ్గిందనడం ఆ వ్రతాన్ని భంగపరచడమే. ఆ ఒక్కపూట కోసం ఒక ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి చీటీలు కట్టి ఉంటారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో పెద్దభాగం అక్కడే వడ్డించి ఉంటారు. అన్నట్టు, రుషికొండ 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకున్న తీరం. చేతిలోని ప్లాస్టిక్ గ్లాసు ఇసుకలోకి పోకుండా చూడటం కూడా మనకు అన్నం పెట్టిన చోటుకు ఇచ్చే మర్యాదే.

మూడో పని ఇంటికి వెళ్ళడం. దాన్ని మంత్రంలో ఎందుకు చేర్చారో పెళ్ళి చేసినవాళ్ళకు తెలుసు. కొన్ని రోజులుగా సరైన నిద్ర లేని తల్లిదండ్రులు గేటు దగ్గర నిలబడి, వెళ్ళే ప్రతివాళ్ళనూ "భోంచేశారా? జాగ్రత్తగా వెళ్ళండి" అని సాగనంపుతుంటారు. కడుపునిండా తిన్నామని, జంట చూడముచ్చటగా ఉందని వాళ్ళ చేతులు పట్టుకుని చెప్పాలి. పిలుపు సరిగా లేదన్న అలకలు, వియ్యాలవారి మర్యాదల్లో లోపాలు అక్కడ విప్పకూడదు. చెప్పి తీరాల్సినదేదైనా ఉంటే పదహారు రోజుల పండగ అయ్యాక తీరిగ్గా కూర్చుని చెప్పుకోవచ్చు. దూరం నుంచి వచ్చి ఆ రాత్రికి ఉండిపోయినవాళ్ళు, తితిదే 2022లో రుషికొండ మీద ప్రారంభించిన వేంకటేశ్వరస్వామి గుడికి పొద్దున్నే వెళ్ళి, ఆ ఇద్దరి పేర్లూ స్వామికి చెప్పుకుని బస్సెక్కవచ్చు.