వంతుకు మించిన భారము

శక్తి గలవాడు చేతనైన పనినంతయు తానే నెత్తిన వేసికొనుట ధర్మమేనా? ఇది ప్రశ్నవలెనే తోచదు. త్యాగమును తప్పుపట్టువారెవరు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో, బిడ్డ హైదరాబాదున సాఫ్ట్‌వేర్ కొలువు చేయుచున్న ఇండ్లు నేడనేకము. పండుగకు వచ్చి, కృష్ణా మూసీ సంగమమున వాడపల్లి నరసింహస్వామి దర్శనమునకు పోవుచును ఒడిలో కంప్యూటరు తెరచిన బిడ్డను చూచి తల్లి నొచ్చుకొనును.

ఆ వృత్తిలో వ్యాప్తిలోనున్న పద్ధతికి ఎజైల్ అని పేరు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున 17 మంది నిపుణులు కూడి ప్రకటించిన సూత్రములు దీనికి మూలము. పెద్ద పనిని చిన్న విడతలుగా, తరచు రెండు వారముల చొప్పున, విభజింతురు. విడత మొదట జట్టంతయు కూర్చుండి, గడచిన విడతలలో నిజముగా ఎంత పూర్తియైనదో చూచి, సెలవుపై పోవువారిని లెక్కించి, దానికి తగినంతే స్వీకరింపవలెను. ఎంతయనునది చేయువారే నిర్ణయింపవలెను. ఎల్లకాలము నిలుపుకొనగల వేగముననే నడువవలెననుట ఆ సూత్రములలో నొకటి. మంచి మాటయే. కాని ఆచరణలో కష్టమైన భాగములన్నియు చురుకైన ఒకనివద్దకే చేరుచుండును. అతడును కాదనడు. కాదననందున గౌరవము, ఆ గౌరవమున కొంత రుచి.

మిర్యాలగూడ, కోదాడల సాగరు ఎడమ కాలువ రైతుకు వంతు విలువ తెలియును. నీరు చాలని ఏట ఎగువవాడు వంతు మీరినచో చివరి ఆయకట్టు ఎండును. పని నీరు కాదు గదా, ఎక్కువ మోసినవాడు ఎవరికేమి నష్టము చేసెనందురేమో. చేసెను. ప్రక్కవానికి నేర్చుకొను అవకాశము పోయినది. అతడు జబ్బుపడిన నాడు ఆ పని మరెవరికిని రాదు.

గీత ఆరవ అధ్యాయమున భగవానుడు ఆహారవిహారములకే గాక కర్మలయందలి చేష్టకును మితము చెప్పియున్నాడు. ఏకాదశి తప్పని గృహస్థులు సైతము ఈ రెండవదానిని మరతురు. మితమను మాటను సోమరి గొడుగుగా పట్టుకొనడా? పట్టుకొనవచ్చును. అందుకే లెక్క అందరి యెదుట జరుగవలెను.

శ్రీరంగమున భగవద్రామానుజులు ఆలయసేవకులను పది వర్గములుగా ఏర్పరచిరని సంప్రదాయము. అందరికంటె భక్తుడైనవానికి అన్నియు అప్పగింపలేదు. కైంకర్యము భాగ్యమైనచో దానిని ఒక్కడే అనుభవించుట ఎట్లు?

రాబోవు విడతలో ఆ చురుకైనవాడు ఒక కష్టమైన పనిని తాకక విడిచెననుకొందము. కొత్తవాడు దానిని తీసికొనును. ఒక దినపు పనికి మూడు దినములు పట్టును. ఆ మూడు దినములు ఇతడు లాగికొనక ప్రక్కన కూర్చుండి, అడిగినంతవరకే చెప్పవలసియుండును. రాత్రింబవళ్లు పనిచేయుటకంటె అతనికి అదియే కష్టము.