ఎవరూ పూర్తిగా చదవని సంఖ్యను నమ్మవచ్చా?

2024 అక్టోబరులో అమెరికాకు చెందిన ల్యూక్ డ్యురాంట్ అనే ఆయన ఒక పెద్ద ప్రధాన సంఖ్యను కనుక్కున్నారు. 13,62,79,841 రెండ్లను వరుసగా గుణించి, వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేస్తే అది వస్తుంది. అందులో 4,10,24,320 అంకెలున్నాయి. సెకనుకు ఒక అంకె చొప్పున నిద్రాహారాలు మాని చదివినా సుమారు 475 రోజులు పడుతుంది. ఏ మనిషీ దాన్ని చేత్తో పరీక్షించలేడు. మరి అది ప్రధాన సంఖ్యే అని నమ్మడం ఎంతవరకు సబబు?

మన వల్లూరు చుట్టూ ఉన్న సోలార్ పలకలనే తీసుకోండి. 12 పలకలుంటే మూడు వరుసల్లో నాలుగేసి పెట్టొచ్చు, రెండు వరుసల్లో ఆరేసి పెట్టొచ్చు. 13 అయితే ఒక్క పొడుగు వరుసే గతి. మనం దీన్ని ప్రధాన సంఖ్య అంటాం, కన్నడ మీడియం వాళ్ళు అవిభాజ్య సంఖ్య అంటారు. (నాకైతే వాళ్ళ పేరే అర్థం బాగా చెప్తుందనిపిస్తుంది.) పేరు ఏదైనా 13 మారదు, ఎవరు చెప్పినా మారదు.

కానీ పెద్ద సంఖ్యల దగ్గర చెప్పినవాళ్ళ పేరే పనిచేసిన రోజులున్నాయి. ఫ్రాన్సులో మెర్సెన్ అనే మతగురువు ఉండేవాడు, గొప్ప పండితుడు. ఎన్ని రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్య వస్తుందో 1644లో ఒక పట్టిక ఇచ్చాడు. అందులో 67 ఉంది. రుజువు మాత్రం ఇవ్వలేదు. అది తప్పని 1876లో లూకా అనే గణితవేత్త తేల్చేదాకా 232 ఏళ్ళు గడిచాయి. చిత్రమేమంటే, ఆ సంఖ్య దేనితో భాగింపబడుతుందో లూకాకూ తెలీదు. భాగింపబడి తీరుతుందని మాత్రం రుజువు చేశాడు. 1903లో న్యూయార్క్‌ సభలో కోల్ అనే ఆచార్యుడు ఆ కారణాంకాలు చూపించాడు: 193707721, 761838257287. మూడేళ్ళ ఆదివారాలు దానికే పోయాయని చెప్పాడంటారు.

స్టెప్పులు రాయకపోతే మా సార్లు మార్కులు కోస్తారు. జవాబు సరిగ్గా ఉన్నా ఎందుకు కోయాలని మాలో చాలామంది వాదన. మెర్సెన్ పట్టికలో ఎక్కువ జవాబులు సరైనవే. కానీ స్టెప్పులు లేవు గనక ఏది ఒప్పో ఏది తప్పో చదివినవాళ్ళకు తెలిసే దారి లేదు. అందుకే నేను సార్ల పక్షమే.

డ్యురాంట్ సంఖ్యను వేరే కంప్యూటర్లలో, వేరే ప్రోగ్రాములతో మళ్ళీ పరీక్షించాకే ప్రకటించారు. నేను పరీక్షించలేదు, పరీక్షించలేను కూడా. అంటే నాదీ నమ్మకమే కదా, మెర్సెన్‌ను నమ్మినవాళ్ళకీ నాకూ తేడా ఏముందని ఎవరైనా అడగొచ్చు. ఈయన ఏ పద్ధతిలో చేశాడో అందరి ముందూ ఉంది. కాదనదలచినవాడు యంత్రం పెట్టుకుని కాదని చూపొచ్చు, ఈయన్ని అడగక్కర్లేదు.

కోల్ లెక్కకైతే యంత్రం కూడా వద్దు. ఆ రెండు సంఖ్యలను గుణించడానికి నోటుబుక్కులో ఒక పేజీ చాలు. 147573952589676412927 రావాలి.