ఎవరి నడకను బట్టి?



గుత్తి కోట చుట్టునున్న కొండలను ఒక్క పగటిలో చుట్టి, సాయంకాలమునకు బయలుదేరిన చోటికే చేరవలెనని మా సంఘమువారము తలంచుచున్నాము. రేపటిని గూర్చి ఇంత లెక్క అవిశ్వాసము కాదా అని కొందరడిగిరి. యాకోబు పత్రిక (4:13-16) గద్దించునది అతిశయమును గాని నీళ్లు లెక్కించుటను కాదు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియు అనంతపురము సీమలో, పటములోని కుంటను నమ్మి నడచుట విశ్వాసము కాదు.

అయితే ఎవరి నడకను బట్టి లెక్కింపవలెను? క్రిందటిసారి పడుచువాండ్ర నడకను బట్టి గంటలు కట్టితిమి. ముళ్లపొదలు దాటి బండలయొద్దకు చేరునప్పటికి ఒక పెద్దాయన వెనుకబడి, "మీరు పదండి నాయనా" అని నవ్వెను. ఆ నవ్వును సమ్మతి యనుకొంటిమి. ఆయన సీసా అప్పటికే ఖాళీ. చుట్టుదారిలో సగము దాటినవానికి మరలుట మరింత దూరము. రాళ్లు కాగినవి, నీడ లేదు. ఆయనను మోసికొని దిగితిమి.

తనతో నడువుమని ఏశావు పిలిచినప్పుడు, పిల్లలు లేతవారు, పశువులు పాలిచ్చునవి, వాటి నడకను బట్టి మెల్లగా వచ్చెదనని యాకోబు చెప్పెను (ఆదికాండము 33:13-14). తరువాత ఆయన శేయీరుకు పోనేలేదు, అది వేరు సంగతి.

ఈసారి ఆ పెద్దాయననే ముందు నడువుమని అడిగితిమి, ఒప్పుకొనెను. మధ్యాహ్నమునకు సగము దాటనిచో అందరమును మరలుదుము. చుట్టు పూర్తి కాదేమోనని పడుచువాండ్రు గొణుగుచున్నారు. కాకపోవచ్చును.