నీటి పెంకుపురుగు మంచిదా, చెడ్డదా?

నాట్లు పడిన వారానికి మా బడి పిల్లవాడొకడు కాలువగట్టు నుంచి సీసాలో ఒక పురుగును పట్టుకొచ్చాడు. నల్లగా నున్నగా, చింతగింజ కన్నా కాస్త పెద్దది, అంచు చుట్టూ పసుపు గీత. "సారూ, ఇది మంచిదా, చెడ్డదా?" అన్నాడు. బడి గోడ మీద మిత్రపురుగులు, శత్రుపురుగులు అని రెండు వరసల బొమ్మల పటం ఉంది. అందులో ఇది లేదు. ఏ వరసలో చేర్చాలో వాడికి తెలియాలి.

పురుగు గురించి చెప్పడం తేలికే. నీటి పెంకుపురుగుల్లో ఇది డైటిస్కిడే అనే కుటుంబం. లోకమంతటా 4,000కు పైగా జాతులున్నాయి. వెనక కాళ్ళు చదునుగా, అంచున వెంట్రుకలతో తెడ్లలా ఉంటాయి. రెండింటినీ ఒకేసారి వేసి ఈదుతుంది. నీళ్ళలో బతుకుతుంది గాని దీనికి మొప్పలు లేవు. ఊపిరి రంధ్రాలు గట్టి రెక్కల కింద ఉంటాయి. అందుకే పైకి వచ్చి, తోక కొస నీటి మీదికి పెట్టి, రెక్కల కింద గాలి నింపుకుని మళ్ళీ మునుగుతుంది. పిల్లపురుగు ఇంకా గడుసుది. దాని కోరలు కొడవళ్ళలా వంగి, లోపల బోలుగా ఉంటాయి. దొరికిన ప్రాణి ఒంట్లోకి అరిగించే రసం ఎక్కించి, కరిగినదాన్ని పీలుస్తుంది. పెరిగాక గట్టు తడిమట్టిలో దూరి ప్యూపా అవుతుంది. రెక్కలొచ్చాక రాత్రిళ్ళు ఎగిరి వేరే మడుగు వెతుక్కుంటుంది. ఒక్కోసారి మెరిసే కారు పైకప్పును నీళ్ళనుకుని వాలుతుంది పాపం.

మంచీ చెడ్డా దగ్గరే చిక్కు. విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువల్లో పారే నీళ్ళు వరి మళ్ళకూ వెళ్తాయి, చేపల చెరువులకూ వెళ్తాయి. వరి మడిలో ఇది దోమ లార్వాలను తింటుంది కాబట్టి మిత్రుడు. కైకలూరు వైపు చేపపిల్లల చెరువులో వాలితే, అప్పుడే వదిలిన పిల్లలను తింటుంది కాబట్టి శత్రువు. పురుగు అదే, ఆకలీ అదే. చెరువులో దాన్ని చంపడానికి సబ్బూ నూనే కలిపి చల్లుతారు. నీటి మీద పొర కడుతుంది. గాలి కోసం తోక ఎత్తిన పురుగు ఊపిరాడక చస్తుంది.

యానాదులమైన మాకు ఈ లెక్క కొత్త కాదు. పంట మీద ఎలకలు పడితే మా పెద్దవాళ్ళను గుడిసె దాకా వచ్చి పిలిచేవారు. అదే ఊళ్ళో చెరువులో చేపలు పోతే మొదట వెతికేదీ ఆ గుడిసెలే. ఎరుకలవాళ్ళకైతే చట్టమే పేరు పెట్టింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఏ పనీ చేయకముందే, పుట్టుకతోనే మనిషి నేరగాడు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ కాలపు సెటిల్‌మెంటే. చట్టం 1952లో పోయింది, పేరు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

"మేమూ పనికొచ్చేవాళ్ళమే, ఎలకలు పట్టి మీ పంట కాపాడాం" అని మీటింగుల్లో మేమూ మాట్లాడాం. ఇప్పుడా మాట మాకే మింగుడు పడటం లేదు. పనికొస్తామని మర్యాద అడిగితే, రైతు ఎలకల మందు కొనుక్కున్న రోజున ఆ మర్యాద ఏమైపోవాలి?

అలాగని దేన్నీ ముట్టుకోవద్దని చెప్పే నోరు మాకు లేదు. కుండలో గడ్డి రాజేసి, బొరియలోకి పొగ ఊది, ఎలకను చంపి తిన్నవాళ్ళం. అప్పు తెచ్చి చేపపిల్లలు వేసిన రైతు నష్టమూ నష్టమే. కానీ ఎలకను పట్టిన మా తాతలు ఎలక జాతి దొంగదని తిట్టగా మేము వినలేదు. అవసరానికి చంపడం ఒకటి, దానికి చెడ్డదని పేరు పెట్టడం ఇంకొకటి. పేరు పెట్టాక ఇక చూడం. సబ్బునూనె పొర కింద ఆ ఒక్క పురుగే చావదు, గాలి కోసం పైకి వచ్చే మిగతా నీటిపురుగులూ చస్తాయి. వాటిని లెక్కపెట్టేవాళ్ళు లేరు.

చివరికి దాన్ని ఏ వరసలోనూ చేర్చలేదు. ఏం తింటుందో, ఎలా ఊపిరి తీస్తుందో పిల్లలను నోటు పుస్తకంలో రాయమన్నాం. అప్పుడు వెనక కూర్చున్న అమ్మాయి లేచి, "సారూ, మా నాన్న చేపల చెరువు మీద కాపలా. ఆ నూనె చల్లేది ఆయనే. తప్పా?" అంది. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఎలా చల్లుతారో అడిగి రమ్మన్నాం.

మర్నాడు వచ్చి చెప్పింది. గాలి లేని పూట చూసి చల్లాలట, గాలి వీస్తే పొర చీలి పురుగులు బతికిపోతాయట. అంతా చెప్పి, "తప్పా సారూ?" అని మళ్ళీ అడిగింది.