ముసుగు తొలగించు చేతికి ముసుగు తగునా?

ద్వేషమును బోధించువాడు తరచుగా తన ముఖమును దాచుకొనును. ఆ ముసుగును లాగివేయుట పుణ్యకార్యమని ఎల్లరకును తోచును. అయితే లాగువాడును ముసుగు ధరించి, రాత్రివేళ పరుల ఇంటి తాళము తీసి వచ్చినచో ఆ కార్యమును ధర్మమనవచ్చునా? కంప్యూటర్ల యుగమున ఈ ప్రశ్న క్రొత్తగా తలయెత్తినది.

అమెరికాలో అంతర్యుద్ధము ముగిసిన 1865వ సంవత్సరమున టెనెస్సీ రాష్ట్రములో కూ క్లక్స్ క్లాన్ అను సంఘము పుట్టినది. బానిసత్వమునుండి విముక్తులైన నల్లజాతివారిని కొరడాలతో, ఉరిత్రాళ్లతో, నిప్పుతో భయపెట్టి ఓటుహక్కునకు దూరము చేయుట దాని పనియయ్యెను. ముఖములను కప్పిన ముసుగే వారి బలము. పగలు పెద్దమనిషిగా తిరుగువాడు రాత్రి హంతకుడగుటకు అది వీలు కల్పించినది.

ఇతరుల కంప్యూటర్లలోనికి చొరబడగల నేర్పరులను హ్యాకర్లందురు. వారిలో 'అనానిమస్' అను పేర మెలగువారికి నాయకుడు లేడు, సభ్యుల పట్టిక లేదు. 1605లో ఇంగ్లండు పార్లమెంటును పేల్చివేయుటకు కుట్ర పన్నినవారిలో ఒకడైన గై ఫాక్స్ ముఖమును పోలిన ముసుగు వారి గుర్తు. 2014 ఆగస్టు 9న మిస్సోరీ రాష్ట్రమునందలి ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అను నల్లజాతి యువకుడు పోలీసు కాల్పులలో మరణించెను. ప్రజలు వీధులలోనికి వచ్చిరి. నవంబరులో క్లాన్ శాఖ యొకటి, నిరసనకారులపై ప్రాణాంతకమైన బలమును ప్రయోగింతుమని కరపత్రములు పంచెను. అంతట అనానిమస్ వారు క్లాన్ యొక్క ట్విట్టర్ ఖాతాను స్వాధీనము చేసికొనిరి. మరుసటి సంవత్సరము నవంబరు 5న, క్లాన్‌తో సంబంధము గలవారని తాము నమ్మినవారి పేర్లను ప్రకటించిరి.

ఈ కార్యమును మెచ్చువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. చట్టము నెమ్మదిగా నడచును. బెదిరింపబడినవాని తలుపును దుండగులు ఈ రాత్రియే తట్టుదురు. క్లాన్ చరిత్రలో, రక్షింపవలసిన అధికారులే కొన్నిచోట్ల ఆ సంఘమున సభ్యులైయుండిరి. పొరుగువారిలో శత్రువెవడో తెలిసికొను హక్కు భయముతో బ్రతుకువానికి లేదని ఎవరనగలరు?

అయినను ఆ కాలముననే జరిగిన రెండు పొరపాట్లను గమనింపవలెను. 2014 ఆగస్టులో అనానిమస్ పేరిట ఒకరు, బ్రౌన్‌ను కాల్చినవాడితడేయని ఒకని పేరును లోకమునకు చాటిరి. ఆ మనిషి ఫెర్గూసన్ పోలీసువాడే కాడు. 2015 నవంబరు ప్రారంభమున, నలుగురు సెనేటర్లును ఐదుగురు మేయర్లును క్లాన్‌వారని మరియొక పట్టిక వెలువడినది. అందు నాక్స్‌విల్ మేయరు మాడలిన్ రొజేరో పేరును ఉండెను. ఆమె కుటుంబమే భిన్నజాతుల కలయికతో ఏర్పడినది! ఆ పట్టిక తమది కాదని అనానిమస్ వారనిరి. కాని అందరును ముసుగులు ధరించినపుడు, ఏ మాట ఎవరిదో తేల్చువారెవరు? ఆమె మేయరు గనుక లోకము ఆమె మాట వినెను. ఒక గుమాస్తాయో బడిపంతులో అయినచో ఎవరి గడపకు పోయి మొరపెట్టుకొనవలెను?

ముసుగు తొలగించుటకు వెలుతురున నడచు దారియు కలదు. 1923లో న్యూయార్కు రాష్ట్రము, సభ్యులచే ప్రమాణము చేయించు కొన్ని సంఘములు తమ సభ్యుల పట్టికను ప్రభుత్వమునకు సమర్పింపవలెనని చట్టము చేసెను. క్లాన్‌కు సంబంధించిన వ్యాజ్యములో 1928లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టమును సమర్థించినది. అదే న్యాయస్థానము 1958లో, నల్లజాతివారి హక్కులకై పాటుపడు సంఘము తన సభ్యుల పేర్లను అలబామా రాష్ట్రమునకు ఇయ్యనక్కరలేదని తీర్పు చెప్పినది. పేర్లు బయటపడినచో వారికి ఉద్యోగములు పోవుననియు, దౌర్జన్యము ఎదురగుననియు గుర్తించినది. ఒకే ఆయుధము ఒకచోట దుర్మార్గుని బట్టబయలు చేయును. మరియొకచోట నిర్దోషిని దుర్మార్గుని చేతికి పట్టియిచ్చును. ఈ భేదమును తేల్చుటకు ఉభయపక్షముల మాట వినువారుండవలెను. తప్పు జరిగినచో దిద్దువారుండవలెను.

2017లో మూతపడిన 'ఐరన్ మార్చ్' అను నాజీవాదుల చర్చావేదిక సమాచారమును 2019 నవంబరులో అజ్ఞాతవ్యక్తి యెవరో బయటపెట్టిరి. పత్రికలవారును పరిశోధకులును అందలి మారుపేర్లను ఇతర ఆధారములతో సరిపోల్చి, కొందరి అసలు పేర్లను తమ సంతకముతో వెల్లడించిరి. అందు తప్పున్నచో నిలదీయుటకు ఒక మనిషి కనబడును.

ఇందుండి ఒక భేదము స్పష్టమగుచున్నది. ప్రాణభయము గల సాక్షి మరుగున నిలుచుట క్షమింపదగినది. తీర్పరి మరుగున నిలుచుట తగదు. రహస్యముగా వచ్చిన సమాచారము అంతమాత్రమున అసత్యము కాదు, అయినను దానిని తెచ్చిన చేయియే శిక్షయు విధింపరాదు. పేరు బయటపెట్టుట కూడ శిక్షయే. ఒకసారి పడిన నింద ఎంత కడిగినను పూర్తిగ పోదు. కావున పరుని ద్వేషి యని లోకమునకు చూపువాడు, తన మాట తప్పైన నాడు అదే లోకము ముందు ముఖము చూపి క్షమాపణ కోరగలవాడై యుండవలెను.